మట్టి తెలిసిన ఒళ్ళు

కాంటెంపరరీ డాన్స్ ప్రదర్శనలకి వెళ్ళే అలవాటున్న వాళ్ళకి ఒక వాక్యం బాగా పరిచయం. బ్రోషర్‌లోనో, టికెట్ బుక్ చేసే పేజీలోనో ఎక్కడో ఒకచోట కనబడుతుంది. మనిషి దేహానికీ ప్రకృతికీ మధ్య ఉన్న అనుబంధాన్ని అన్వేషించే నృత్యం అని. మాటలు కాస్త అటూ ఇటూ అవుతాయి గానీ అన్వేషణ మాత్రం తప్పదు.

లోపలికెళ్తే ఏసీ హాలు. నేల మీద నల్లటి వినైల్ షీటు పరిచి, అంచులకి టేపు వేసి ఉంటుంది. వెనక తెర మీద ప్రొజెక్టర్‌లోంచి పడుతున్న అడవి. డాన్సర్లు విత్తనాల్లా ముడుచుకుంటారు, మొలకల్లా లేస్తారు, కొమ్మల్లా చేతులు చాస్తారు, అలల్లా ఒకరి మీద ఒకరు ఒరుగుతారు. బాగుంటుంది. ఏళ్ళ తరబడి సాధన చేస్తే తప్ప అలా ఒరగడం రాదని తెలుసు కాబట్టి ఇంకా బాగుంటుంది. కానీ పార్కింగ్‌లో బండి తీస్తున్నప్పుడు నాకు ప్రతిసారీ ఒక అనుమానం. ఆమె చెట్టుని చూపించింది, సరే. చెట్టు ఆమెని ఏం చేసింది?

నేను డాన్స్ నేర్చుకున్నవాణ్ణి కాదు. ఇంజనీరింగ్ చదివి పదిహేనేళ్ళుగా సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. విమ్ వెండర్స్ తీసిన 'పీనా' (2011) సినిమా చూశాక డాన్స్ చూడటం మొదలైంది. అది వ్యసనమైంది. మెదడుతో తప్ప దేనితోనూ పని లేని ఉద్యోగంలో ఉన్నవాడికి, ఒళ్ళంతా పెట్టి ఆలోచించే మనుషుల్ని చూడటం ఒక రకం దాహం తీరడం. 2020లో, ఇంట్లో డైనింగ్ కుర్చీ మీద కూర్చుని రోజుకి పన్నెండు గంటలు పనిచేసిన ఆ ఏడాది, నా నడుములో డిస్క్ పక్కకి జరిగింది. ఎడమకాలు మడమ దాకా కరెంటు కొట్టినట్టు లాగేది. డాన్స్ గురించి చదివిన ఏ పుస్తకం కంటే ఆ నొప్పి నాకు ఎక్కువ నేర్పింది. ఒంటికి బరువుంటుందని, ఆ బరువుని ఎక్కడో ఒకచోట ఆనించాలని, ఆనించిన చోటు తిరిగి మనల్ని నొక్కుతుందని.

అప్పట్నుంచి 'అనుబంధం' అనే మాట మీద నాకు పేచీ. అనుబంధం అంటే ఇష్టముంటే పెట్టుకుని, లేకపోతే మానేసేది అన్నట్టు ఉంటుంది. నేలతో ఒంటికున్నది అలాంటిది కాదు.

*

ఈ పేచీని నాకంటే ఎంతో ముందు, మాటల్లేకుండా తేల్చేసిన మనిషి పీనా బౌష్. 1975 డిసెంబర్ 3న జర్మనీలోని వుపర్టాల్‌లో ఆమె చేసిన 'ది రైట్ ఆఫ్ స్ప్రింగ్' గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి.

కథ పాతదే. స్ట్రావిన్‌స్కీ సంగీతానికి నిజిన్‌స్కీ కొరియోగ్రఫీ చేసి 1913 మే 29న పారిస్‌లో మొదటిసారి ప్రదర్శించారు. ఒక ఆదిమ తెగ. వసంతం రావాలంటే నేలకి బలి ఇవ్వాలి. ఒక అమ్మాయిని ఎంచుకుంటారు. ఆమె చచ్చిపోయేదాకా ఆడాలి. బ్యాలే అంటే నేలని వదిలి పైకి తేలడమని అలవాటుపడ్డ ప్రేక్షకుల ముందు నిజిన్‌స్కీ డాన్సర్ల పాదాల్ని లోపలికి తిప్పి, వీపులు వంచి, నేలని దబదబ తొక్కించాడు. హాల్లో గోల గోల అయింది. (దానికి సెట్లు, దుస్తులు రూపొందించిన నికొలాయ్ రోరిక్ తర్వాత మన కులూ లోయలో స్థిరపడ్డాడు. విశాఖపట్నంలో పుట్టిన దేవికారాణి ఆయన కోడలు. ఎక్కడి వసంతం, ఎక్కడి వాల్తేరు!)

ఆ తర్వాత ఎంతోమంది కొరియోగ్రాఫర్లు ఈ కథని తమ పద్ధతిలో చేశారు. బౌష్ చేసిన పని చాలా సింపుల్. స్టేజీ నిండా మట్టి పోయించింది. రంగాలంకరణ రోల్ఫ్ బోర్జిక్‌ది. ఆ మట్టి పీట్. చిత్తడి నేలల్లో వేల ఏళ్ళపాటు మొక్కలు సగం కుళ్ళి పేరుకుంటే అయ్యే నల్లటి మట్టి. మనం బాల్కనీ కుండీల్లో వేసే కోకోపీట్ దీనికి బదులుగా కొబ్బరి పీచుతో చేసేదే. ప్రదర్శనకి ముందు స్టేజీ పనివాళ్ళు దాన్ని కుప్పలుగా కుమ్మరించి సమంగా పరుస్తారు. చెట్ల బొమ్మలు లేవు, కొండల తెరలు లేవు. మట్టి ఒక్కటే.

ఆ మట్టి ఏం చేస్తుందో చూడండి. గట్టి చెక్క నేల మీద ఎగిరితే మనం పెట్టిన బలంలో చాలా భాగం నేల మనకే తిరిగిస్తుంది. మెత్తటి మట్టి ఇవ్వదు. మట్టి కదలడానికే కొంత ఖర్చయిపోతుంది. అదే ఎగురుడుకి రెట్టింపు అలసట. పరిగెత్తి ఆగబోతే కాలు ఇంకా కొంచెం ముందుకి జారుతుంది. అంటే కొరియోగ్రఫీలో ప్రతి అడుగుకీ మట్టి తన వంతు సవరణ పెడుతుంది. డాన్సర్ దానికి సర్దుకోవాలి, ప్రతి రాత్రీ కొత్తగా. సుమారు ముప్పై అయిదు నిమిషాలు ఇలా. ఆడవాళ్ళ ఒంటి మీద పల్చటి లేత రంగు స్లిప్పులు, మగవాళ్ళకి నల్ల ప్యాంట్లు, చొక్కాల్లేవు. మొదట్లో అన్నీ శుభ్రంగా ఉంటాయి. పది నిమిషాలకి చెమట పడుతుంది. చెమటకి మట్టి అంటుతుంది. మోకాళ్ళ మీద, మెడల మీద, పెదాల మీద. స్ట్రావిన్‌స్కీ సంగీతం కాస్త తగ్గిన చోటల్లా ముప్పై చిల్లర మంది రొప్పడం వినిపిస్తుంది.

అలసటని వాళ్ళు నటించడం లేదు. దాచడమూ లేదు. బలికి ఎంపికైన అమ్మాయికి ఎర్ర గౌను తొడిగాక ఆమె ఆడే ఆఖరి ఆటలో అలిసిపోయిన శరీరం, అలిసిపోయిన పాత్ర వేరువేరుగా ఉండవు. చివరికి ఆమె ఆ మట్టి మీదే బోర్లా పడిపోతుంది. ఆ పడటంలో బరువుంది.

బౌష్ తర్వాత కూడా నేలని వదల్లేదు. 'బ్లూబియర్డ్' (1977)లో ఎండుటాకులు, 'నెల్కెన్' (1982)లో వేల కార్నేషన్ పూలు, 'ఫోల్‌మోండ్' (2006)లో పెద్ద బండరాయి, నీళ్ళు. ఎండుటాకుల మీద ఒకణ్ణి ఈడిస్తే ఆ ఆకులు చేసే చప్పుడు, ఈడ్చిన దారి కళ్ళముందు మిగలడం, తడిసిన గౌను బరువెక్కి కాళ్ళకి చుట్టుకోవడం. ఇవన్నీ ప్రకృతిని చూపించడం కాదు. ప్రకృతికి ఒంటి మీద చెయ్యి చేసుకునే హక్కు ఇవ్వడం.

మన దగ్గర ఈ ఎరుక లేదని కాదు. కూచిపూడి గానీ భరతనాట్యం గానీ నేర్చుకునే పిల్లలు మొట్టమొదట చేసేది భూమికి నమస్కారం. కాసేపట్లో నిన్ను తొక్కబోతున్నాను, క్షమించమని అడగడం. చాలామంది దాన్ని భక్తి అనుకుంటారు. నాకైతే అందులో భక్తి కంటే ముందు ఒక భౌతికశాస్త్రం కనిపిస్తుంది. తొక్కేవాడూ తొక్కించుకునేదీ ఉన్నాయని ఒప్పుకోవడం. తర్వాత వచ్చే పద్మహస్తాల కన్నా ఆ ఒక్క వంగడం నాకు ఎక్కువ నచ్చుతుంది.

*

2020 జూలైలో ఇదే నృత్యం ఇంకో రూపంలో చూశాను. సెనెగల్‌లో జెర్మేన్ అకోన్యీ, ఆమె భర్త హెల్ముట్ వోగ్ట్ కలిసి 1998లో మొదలుపెట్టిన డాన్స్ స్కూల్ ఉంది. ఎకోల్ దె సాబ్ల్. ఇసుకల బడి అని అర్థం. 14 ఆఫ్రికా దేశాల నుంచి వచ్చిన 38 మంది డాన్సర్లు అక్కడ బౌష్ 'రైట్'ని నేర్చుకున్నారు. 2020 మార్చిలో ఇక ప్రదర్శనలే అనుకుంటుండగా కోవిడ్ వచ్చి పర్యటన మొత్తం రద్దయింది. ఎవరి దేశానికి వాళ్ళు వెళ్ళిపోయే ముందు, తూబాబ్ జలావ్ అనే ఊరి సముద్రపు ఒడ్డున ఆఖరి రిహార్సల్ చేశారు. ఫ్లోరియన్ హైన్‌జెన్ జియోబ్ దాన్ని చిత్రీకరించాడు. 'డాన్సింగ్ ఎట్ డస్క్' పేరుతో లండన్‌లోని శాడ్లర్స్ వెల్స్ ఆన్‌లైన్‌లో చూపించింది.

పీట్ లేదు. ఇసుక. వెనక సముద్రం, దిగిపోతున్న వెలుతురు.

మియాపూర్‌లో మా ఫ్లాటు. నడుముకి బెల్టు పెట్టుకుని, లాప్‌టాప్‌ని టీవీకి కలిపి చూస్తున్నాను. నాయినమ్మ అప్పుడు మా దగ్గరే ఉంది. ఎనభై ఏళ్ళు. లాక్‌డౌన్ మొదట్లో ఊర్నుంచి తీసుకొచ్చాం. మంచం మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తూ ఆమె కూడా చూడటం మొదలుపెట్టింది.

"ఎవలురా వాళ్ళు?"

"డాన్స్ చేసేటోళ్ళు నాయినమ్మా. ఆఫ్రికా."

"ఇసుకల ఎందుకు ఎగురుతున్నరు? పిక్కలు పట్టెయ్యవా?"

నేను అన్నేళ్ళుగా చదివిన విమర్శల్లో ఎక్కడా పిక్కల ప్రస్తావన చూడలేదు. ఆమె చెప్పాక చూస్తే అదే కనిపించింది. ఇసుక కాలిని పట్టుకుంటోంది. ప్రతి అడుగునీ పీకి తీయాల్సి వస్తోంది. పీట్ జారనిస్తుంది, ఇసుక మింగుతుంది. అదే నృత్యం, అవే లెక్కలు, పిక్కలు మాత్రం వేరు.

కాసేపు ఊరుకుని మళ్ళీ అడిగింది. "వీళ్ళకు కూలి ఎంతిస్తరు?"

తెలియదన్నాను. ఎర్ర గౌను తొడిగిన అమ్మాయి ఒక్కతే మిగిలింది. మిగతావాళ్ళంతా నిలబడి చూస్తున్నారు. నాయినమ్మ చేతుల్లో వెల్లుల్లి ఆగిపోయింది.

"ఆ పిల్ల నొక్కదాన్నే ఎందుకు ఇడిసిపెట్టిన్రు?"

"బలి నాయినమ్మా. నేల తల్లికి. పంటలు బాగా పండాలని."

అప్పుడు బోనాల రోజులు. ఆ ఏడు అందరూ ఇళ్ళల్లోనే చేసుకున్నారు. "బలియ్యాలంటె కోన్నియ్యాలె గని పిల్లనిస్తరా ఎవలన్న?" అంది. ఆ పిల్ల పడుతూ, లేస్తూ, మోచేత్తో తన పొట్టని తానే కొట్టుకుంటూ ఆడుతోంది. నాయినమ్మ ఇంక నాతో మాట్లాడలేదు. టీవీతో మాట్లాడింది. "జర నీళ్ళన్న ఇయ్యుండ్రి ఆ పిల్లకు."

1913 నుంచి ఇప్పటిదాకా ఈ నృత్యం మీద ఎంతో రాశారు. ఆధునికత అన్నారు, ఆదిమత అన్నారు, స్త్రీ దేహం మీద హింస అన్నారు. అన్నీ నిజమే. కానీ అన్నిటికన్నా ముందు ఆమెకి దాహమేస్తోంది. అది కనబడాలంటే ఒంట్లో ఏదో ఉండాలి.

*

నాయినమ్మ ఒంట్లో ఏముందో చెప్పాలి.

మాది నల్లగొండ జిల్లా. సాగర్ ఎడమ కాల్వ రాకముందు ఊరి చెరువు కింద, వచ్చాక కాల్వ కింద, నాయినమ్మ నలభై ఏళ్ళకి పైగా నాట్లు వేసింది. మా సొంత పొలంలో కొంచెం. ఎక్కువ భాగం కూలికి. నాటేసేటప్పుడు నడుము దగ్గర సగానికి వంగాలి, మోకాళ్ళు వంచకూడదు. ఎడమచేతిలో నారు కట్ట. అందులోంచి రెండు మూడు మొక్కల్ని బొటనవేలితో విడదీసి కుడిచేతికి అందించాలి. కుడిచేయి వాటిని బురదలోకి గుచ్చి, వేళ్ళతో అదిమి, పైకొచ్చి మళ్ళీ అందుకోవాలి. మరీ లోతుగా గుచ్చితే పిలక రాదు, పైపైన గుచ్చితే తేలిపోతుంది. ఇదంతా వెనక్కి నడుస్తూ చెయ్యాలి, ముందున్న నాటు తొక్కకుండా. పదిమంది ఒక వరసలో మునుం పడతారు. ఎవరూ వెనకబడకూడదు, ఎవరూ ముందుకి పోకూడదు. పాట అందుకే. గొంతు బాగుందని కాదు, అడుగు కలవాలని.

ఇలా రాస్తుంటే నాకే తెలుస్తోంది, వాక్యం ఎటు జారుతోందో. లయ, వరస, పాట, వెనక్కి నడిచే అడుగు. ఇంకొక్క మెట్టు దిగితే ఇదే అసలైన నృత్యం అనేస్తాను. అనను. నాయినమ్మ వింటే నవ్వేది, లేదా కోప్పడేది. నృత్యం చేసేవాళ్ళు మళ్ళీ ఆ పని చెయ్యాలనుకుంటారు. ఆమె అనుకోలేదు. బురద నీళ్ళలో కాలివేళ్ళ సందులు పాచిపోయి రాత్రిళ్ళు మంట. నలభై అయిదేళ్ళకే నడుము వంగిపోయింది, మళ్ళీ పూర్తిగా నిటారు కాలేదు. తన కొడుకు ఆ బురదలో దిగకూడదని ఆమె పట్టు పట్టింది. మా నాన్న బడిపంతులయ్యాడు. నేను ఇంజనీరునయ్యాను. మా ఇంట్లో మూడు తరాలుగా నడుస్తున్న ప్రాజెక్టు ఏదైనా ఉంటే అది మట్టిలోంచి బయటపడటమే. అందుకే ప్రకృతిలోకి తిరిగి వెళ్దామని ఎవరైనా స్టేజీ మీంచి పిలిస్తే నా కాళ్ళు కాస్త వెనకాడతాయి. ఎవర్ని పిలుస్తున్నారు? ఏ పనికి?

ఈ ప్రశ్నని నెత్తిన పెట్టుకున్న డాన్సర్ ఒకడున్నాడు. హిజికాతా తాత్సుమి. 1928లో జపాన్ ఉత్తరాన అకితాలో పుట్టాడు. 1959లో 'కింజికి' అనే చిన్న ప్రదర్శనతో, తర్వాత బుతో అని పేరుపడ్డ నృత్యానికి దారి తీశాడు. అకితా అంటే వరి పొలాలు, మంచు, పేదరికం. 1985లో, చనిపోవడానికి ఏడాది ముందు, ఒక ప్రసంగంలో ఆయన తన ఊరి పసిపిల్లల గురించి చెప్పాడు. తల్లిదండ్రులు పొలం పనికి పోతూ పిల్లల్ని బుట్టల్లో కూర్చోబెట్టి, కదలకుండా చుట్టూ కుక్కి, గట్టు మీద వదిలేసేవాళ్ళట. పిల్లలు రోజంతా ఏడ్చేవాళ్ళు. గాలికి ఆ ఏడుపు ఎవరికీ వినబడదు. సాయంత్రం బయటికి తీస్తే ముడుచుకుపోయిన కాళ్ళు చాపుకోవడానికి వచ్చేవి కావు, నిలబడలేకపోయేవాళ్ళు. హిజికాతా 1970ల నాటి నృత్యాల్లో డాన్సర్ల కాళ్ళు దొడ్డికాళ్ళుగా వంగి, పాదాల అంచుల మీద నిలబడి, ఒళ్ళంతా కిందికి దిగిపోతున్నట్టు ఉంటాయి. బ్యాలే పైకి లాగిన ఒంటిని ఆయన బుట్టలోకి దించాడు.

దీని గురించి మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం పక్కన పెట్టి కాసేపు బాల్కనీలో నిలబడ్డాను. ఎందుకంటే మా ఇంట్లోనూ ఒక బుట్ట ఉంది. బుట్ట కాదు, చీర. నాన్న నెలల పిల్లాడప్పుడు నాయినమ్మ పొలం పక్క తుమ్మచెట్టుకి చీర ఉయ్యాల కట్టి నాట్లకి దిగేది. పిల్లాడు ఏడిస్తే ఆమెకి వినబడేది. పాలు చేపి రవిక తడిసేది. కానీ మునుం అయిపోయేదాకా ఒడ్డెక్కనిచ్చేవాళ్ళు కాదు. ఒకరు లేస్తే వరస చెడుతుంది. ఈ సంగతి ఆమె బాధపడుతూ చెప్పలేదు. వానాకాలం ఎండ ఎలా ఉంటుందో చెప్పినట్టు చెప్పింది.

తల్లికీ బిడ్డకీ మధ్య ఉన్నది పదిహేను అడుగుల దూరం. ఆ దూరంలో ఉన్నది ప్రకృతి కాదు, పని. దేహానికీ ప్రకృతికీ మధ్య ఎప్పుడూ ఒక పని ఉంటుంది. ఆ పని ఎవరు చేస్తున్నారు, ఎవరి కోసం, ఎంత కూలికి అన్నది ఆ ఒంటి ఆకారాన్ని నిర్ణయిస్తుంది. నాకు నచ్చని నృత్యాలు ఆ పనిని చెరిపేసి, మనిషినీ చెట్టునీ నేరుగా పక్కపక్కన నిలబెడతాయి. బౌష్ చెరపలేదు. మట్టిని పరిచేవాళ్ళనీ, మట్టిలో రొప్పేవాళ్ళనీ చూడనిచ్చింది. హిజికాతా ఇంకా లోపలికి పోయి, ఆ పని పసిపిల్లాడి మోకాలిని ఎలా వంచిందో చూపించాడు.

*

ఇంకో విషయం కూడా చెప్పుకోవాలి. ప్రకృతి అమాయకురాలు కూడా కాదు.

అమ్మమ్మ వాళ్ళది మునుగోడు వైపు. ఆ ప్రాంతపు ఫ్లోరోసిస్ గురించి మీకు తెలిసే ఉంటుంది. తాగే నీళ్ళలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటి ఫ్లోరైడ్ ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. అక్కడి గ్రానైటు రాళ్ళలోంచి బోరు నీళ్ళలోకి అది అంతకన్నా ఎంతో ఎక్కువగా దిగుతుంది. ఏళ్ళ తరబడి తాగితే ఎముకలోని ఖనిజంలో చేరుతుంది. కీళ్ళు బిగుసుకుంటాయి, వెన్ను వంగి కట్టెలా అయిపోతుంది, ఎదిగే పిల్లల కాళ్ళు వంకర్లు తిరుగుతాయి. పటికా సున్నమూ వేసి నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది. దాని పేరే నల్లగొండ టెక్నిక్. మా జిల్లా పేరు ప్రపంచ శాస్త్ర సాహిత్యంలోకి ఎక్కింది అలా. నేలా ఒళ్ళూ ఒకటే అని మా అమ్మమ్మ ఊరికి ఎవరూ చెప్పక్కర్లేదు. నేల వాళ్ళ ఎముకల్లోనే ఉంది. ఇప్పుడు కృష్ణ నీళ్ళు నల్లాల్లో వస్తున్నాయి. పాత ఎముకలు మాత్రం పాతవే.

ఈ సంగతి తెలిసిన నృత్యం ఉంటుందా అని వెతుక్కుంటే ఎయికో ఒటాకే కనిపించింది. జపాన్‌లో పుట్టి 1976లో న్యూయార్క్ చేరిన ఎయికో, కోమా జంటలో ఆమె ఒకరు. వాళ్ళిద్దరూ నదిలో దిగి నీటి ప్రవాహంలో ఆడారు. 2010లో మినియాపోలిస్‌లోని వాకర్ ఆర్ట్ సెంటర్‌లో 'నేకెడ్' పేరుతో నెల రోజుల పాటు, మ్యూజియం తెరిచి ఉన్నంతసేపూ, ఈకలూ మట్టీ ఆకుల మధ్య దాదాపు కదలనట్టే కదులుతూ పడుకున్నారు. 2014 జనవరిలో ఎయికో ఒక్కతే ఫుకుషిమాకి వెళ్ళింది. కూడా విలియమ్ జాన్‌స్టన్ అనే చరిత్రకారుడు, కెమెరాతో. 2011 సునామీ, అణు ప్రమాదం తర్వాత మనుషులు వదిలేసిన రైల్వే స్టేషన్లు, పట్టాల మీద మొలిచిన గడ్డి. ఆ గడ్డిలో, ఆ ప్లాట్‌ఫాం మీద, పాత కిమోనోలో ఒక సన్నటి ఒళ్ళు.

ప్రేక్షకులు లేరు. నృత్యమంటూ పెద్దగా కదలికలు కూడా లేవు. కానీ ఆ ఫోటోల్ని చూస్తుంటే, ఆ గడ్డిని తాకడం కూడా ఒక లెక్క అని తెలుస్తూనే ఉంటుంది. ఎంతసేపు, ఎంత దగ్గరగా అని. అక్కడ చెట్టు నిజంగానే మనిషిని ఏదో చేస్తోంది. మనిషి చెట్టుకి ముందే చేసేశాడు. పార్కింగ్‌లో నాకొచ్చే అనుమానానికి అంత సూటి జవాబు నేను ఇంకెక్కడా చూడలేదు.

*

ఇప్పుడు ఏ ప్రదర్శనకి వెళ్ళినా ముందు నేల చూస్తాను. వినైలా, చెక్కా, సిమెంటా, మట్టా. తర్వాత పిక్కలు. మొహాలు చివర్న. వినైల్ మీద చేసేవాళ్ళని తక్కువ చెయ్యడం లేదు. మట్టి పొయ్యాలంటే డబ్బు కావాలి, మర్నాడు తీసేవాళ్ళు కావాలి, ఒప్పుకునే హాలు కావాలి. ఈ ఊళ్ళో ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు రిహార్సల్ చేసే పిల్లలకి అవన్నీ ఎక్కడివి? కానీ ఆ నల్ల షీటు మీద కూడా కొందరు ఒంటి బరువుని దాచకుండా ఆనిస్తారు. పడితే చప్పుడు రానిస్తారు. రొప్పుని మింగెయ్యరు. అప్పుడు వెనక ప్రొజెక్టర్ అడవి ఉన్నా లేకపోయినా ఒకటే. నేల అక్కడ ఉంటుంది.

నాయినమ్మ 2022 చలికాలంలో పోయింది. ఆఖరి రెండు నెలలు మంచం మీదే. చివరి వారాల్లో మాట పోయింది, మనుషుల్ని గుర్తుపట్టడం పోయింది. చేతులు మాత్రం మధ్యాహ్నాలు కదిలేవి. ఎడమచేయి గుప్పిట సగం మూసి ఒంటికి దగ్గరగా, కుడిచేయి దుప్పటిని అదుముతూ, కొంచెం కొంచెంగా వెనక్కి. ఇంటికొచ్చి చూసిన డాక్టరు వణుకుడు అన్నాడు, ఈ వయసులో మామూలే అన్నాడు, ఒక మాత్ర రాశాడు. అమ్మ ఆ చేతుల్ని పట్టుకుని ఆపడానికి చూసేది.

ఆమెని చూసుకోవడానికి మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన ఒకామె ఉండేది. పనిలో చేరిన రెండో రోజు మధ్యాహ్నం, మంచం పక్కన నిలబడి ఆ చేతుల్ని ఒక నిమిషం చూసింది. "వణుకుడు గాదు సారూ," అంది. "నాటేస్తున్నది."

తర్వాత వంగి నాయినమ్మ చెవి దగ్గర నెమ్మదిగా చెప్పింది. "మునుం ఒడిసింది అవ్వా. ఒడ్డెక్కు."

చేతులు ఆగలేదు. ఇంకా కొంచెం మిగిలినట్టుంది.